విసిరే చెయ్యి – పిచ్చర్లకు ఒక పాఠం

పిల్లలూ,

పోయిన నెలలో ఒక రాత్రి మెస్‌లో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఎడమ చేత్తో అన్నం తింటూ కనిపించాడు. "ఏందిరా అది?" అని అడిగాను. "ఏం లేదు సార్, వేలు తెగింది" అన్నాడు. వేలు చూపించమన్నాను. అయిదు వేళ్లూ బాగానే ఉన్నాయి. మోచేతి లోపలి వైపు ఉండే ఎముక బుడిపె మీద నా బొటనవేలితో కొంచెం వత్తాను. ప్లేటు వదిలేసి లేచి నిలబడ్డాడు.

తర్వాత మెల్లమెల్లగా బయటపడింది. హాస్టలు వెనక గోడకు సుద్దముక్కతో చతురస్రం గీసుకుని, వారం రోజులుగా పొద్దున నూటయాభై, సాయంత్రం నూటయాభై బంతులు కొడుతున్నాడట. ఎవరు చెప్పారురా అంటే ఎవరూ చెప్పలేదు. సెలక్షన్లు దగ్గరికొచ్చినయి, అంతే. నొప్పి ఉందని చెప్తే టీములోంచి తీసేస్తానని భయం. వాడి పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వాణ్ని ఊరుకోనియ్యరు.

ఇందులో తప్పు నాది కూడా ఉంది. బంతి చేతికిచ్చినవాణ్ని నేను. ఎట్లా విసరాలో సగం చెప్పాను, ఎన్ని విసరాలో అసలే చెప్పలేదు. గ్రౌండులో చెప్తే మీ చెవులు ఒక దిక్కు, కళ్లు ఇంకో దిక్కు ఉంటాయి. అందుకని గోడ మీద రాస్తున్నాను. మెస్ లైన్లో నిలబడినప్పుడు చదవండి. ఒక్కసారికి అర్థం కాకపోతే రేపు మళ్లీ లైను ఉంటుంది.

ఇంకొక మాట ముందే చెప్తాను. మీలో కొందరు గమనించే ఉంటారు, నా కుడి చెయ్యి పూర్తిగా చాచుకోదు. బోర్డు మీద పైన రాయాలంటే స్టూలు ఎక్కుతాను. పొట్టివాణ్ని అనుకుని నవ్వుకుంటారు, తెలుసు. మీ వయసులోనే, మీలాగే ఒక హాస్టల్లో ఉండి, క్రికెట్ బంతి విసరడంలో నన్ను మించినవాడు ఉండొద్దని ఒక వేసవి అంతా విసిరాను. నొప్పిని ఎవరికీ చెప్పలేదు. ఆ వేసవి అయిపోయింది గానీ మోచెయ్యి అట్లాగే ఉండిపోయింది.

ముందు కాలు, చివర చెయ్యి

బంతి విసరడమంటే చేత్తో చేసే పని అని అందరూ అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. మా నాయన బాయిల కోల్ ఫిల్లరు. యంత్రాలు రాకముందు బొగ్గును చెమ్మస్‌తో ఎత్తి టబ్బులో పోసే పని అది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒకసారి ఇసుక కుప్ప ఎత్తమని పార ఇచ్చాడు. పది నిమిషాలకే నా రెట్టలు పీకినయి. ఆయన పక్కన నిలబడి చూసి ఇట్లా అన్నాడు: "చేతులతోని ఎత్తుతున్నవురా. చేతులతోని ఎత్తేటోడు షిఫ్టు సగం కాకముందే పడిపోతడు. కాళ్లతోని ఎత్తాలె, నడుముతోని తిప్పాలె. చేతులు ఊరికే పట్టుకునేటందుకు."

నా జీవితంలో పిచ్చింగు గురించి విన్న మొదటి పాఠం అదే. ఆయనకు బేస్‌బాల్ అనే ఆట ఉందని కూడా తెలియదు.

చర్నాకోల కొట్టడం చూశారు కదా. కట్టె పట్టుకున్న చెయ్యి కదిలేది కొంచెమే. ఆ కదలిక తోలు తాడులోకి పోయి, తాడు సన్నబడుతున్న కొద్దీ వేగం పెరిగి, చివర కొసకు వచ్చేసరికి ఠప్ మంటుంది. మన ఒళ్లు కూడా అట్లాంటిదే. కాళ్లు, తుంటి, నడుము కట్టె. భుజం, మోచెయ్యి తాడు. వేళ్లు కొస. కింద పుట్టిన బలం ఒక్కొక్క కీలు దాటుకుంటూ పైకి వచ్చి వేళ్ల దగ్గర బంతికి అందాలి. కింది భాగం పని చెయ్యకపోతే ఆ కొరత ఎవరు తీర్చాలి? భుజం, మోచెయ్యి. ఎముకల్లో చిన్నవి, కండల్లో సన్నవి ఉన్నది అక్కడే. ఎక్కువ భారం పడేదీ అక్కడే.

నమ్మకం లేకపోతే ఒక పరీక్ష చేసి చూడండి. కుడి చేతివాటం వాళ్లు ఎడమ చేత్తో ఒక బంతి విసరండి. విసిరేటప్పుడు ఏ కాలు ముందుకు వేశారో చూసుకోండి. చాలామంది విసిరే చేతివైపు కాలే వేస్తారు, లేదా కాలు కదపనే కదపరు. నడుము తిరగదు. మోచేతి నుంచి కింది భాగం మాత్రమే ముందుకు తోస్తుంది. బంతి పది అడుగుల అవతల పడుతుంది. ఇట్లా విసిరినవాణ్ని చూసి "ఆడపిల్లలెక్క ఇసిరిండు" అని ఎగతాళి చేస్తారు మీరు. అది ఆడ, మగ తేడా కాదు, అలవాటు తేడా. మీ ఎడమ చెయ్యే మీకు సాక్ష్యం.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్లకు

మనలో బేస్‌బాల్ ఆడేవాళ్లు ముందు క్రికెట్ ఆడినవాళ్లే. క్రికెట్లో బౌలింగు చేసేటప్పుడు వంచిన మోచేతిని బంతి వదిలేలోగా చాచకూడదు. అంతర్జాతీయ ఆటలో 15 డిగ్రీల వరకు ఊరుకుంటారు, దాటితే విసిరాడని తప్పు పడతారు. బేస్‌బాల్లో దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ విసరడమే ఆట. మోచెయ్యి వంగాలి, వంగి చాచుకోవాలి. బౌలింగు అలవాటున్న పిల్లలు చేతిని గుండ్రంగా, నిటారుగా తిప్పి తల మీద నుంచి వదులుతారు. వాళ్లకు భుజం పైభాగంలో నొప్పి వస్తుంది. కాబట్టి పిచ్చరు అనుకరించాల్సింది బౌలర్ని కాదు, బౌండరీ దగ్గర నుంచి వికెట్ కీపర్‌కు బంతి విసిరే ఫీల్డర్‌ని.

కొలతలు కూడా తెలుసుకోండి. క్రికెట్ బంతి సుమారు 156 నుంచి 163 గ్రాములు. బేస్‌బాల్ బంతి 142 నుంచి 149 గ్రాములు. పిచ్చరు నిలబడే పలక నుంచి హోమ్ ప్లేటుకు పెద్దవాళ్ల ఆటలో 18.44 మీటర్లు. అక్కడ 25 సెంటీమీటర్ల ఎత్తు మట్టి దిబ్బ ఉంటుంది. మన గ్రౌండులో దిబ్బ లేదు, చదును నేల మీదే విసురుతాం. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని సెకనులో సగం కన్నా తక్కువ సమయంలో దాటేస్తుంది. బ్యాటు పట్టుకున్నవాడు ఆలోచించేది, కొట్టేది అంతా అందులోనే.

పట్టు

చూపుడు వేలు, నడిమి వేలు బంతి పైన కుట్లకు అడ్డంగా పడాలి. బొటనవేలు కింద. ఉంగరం వేలు, చిటికెన వేలు మడిచి పక్కకు. బంతికీ అరచేతికీ మధ్య కొంచెం సందు ఉండాలి. గట్టిగా పిసికి పట్టుకుంటే మణికట్టు కట్టెలా బిగుసుకుపోతుంది. కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోండి. పగలకూడదు, జారకూడదు. ఆరో తరగతి పిల్లల చేతులు చిన్నవి కాబట్టి వాళ్లు పైన మూడు వేళ్లు వేసినా ఏమీ అనను.

విసురు

ఇప్పుడు అసలు సంగతి. కుడి చేతివాటం వాళ్లకు రాస్తున్నాను. ఎడమ చేతివాటం వాళ్లు తిప్పి చదువుకోండి.

పక్కకు తిరిగి నిలబడండి. ఎడమ భుజం క్యాచర్ వైపు చూడాలి. కుడి పాదం పలకకు ఆనించి అడ్డంగా ఉంటుంది. రెండు చేతులూ ఛాతీ దగ్గర, బంతి గ్లవ్‌లో. ఎడమ మోకాలు నడుము దాకా ఎత్తండి. ఒంటికాలి మీద నిలబడి మనసులో రెండు అంకెలు లెక్కపెట్టగలగాలి. ఊగిపోతుంటే ఇంకా విసరొద్దు. ముందు నిలబడడం నేర్చుకోండి. పొలంలో సన్నటి గట్టు మీద నడిచిన పిల్లలకు ఇది తొందరగా వస్తుంది, క్వార్టర్ల పిల్లలకు కొంచెం ఆలస్యంగా వస్తుంది. నేను క్వార్టర్ల పిల్లవాణ్నే.

తర్వాత అడుగు. ఎత్తిన కాలు తిన్నగా క్యాచర్ వైపు పోవాలి. ఆ అడుగు మీ ఎత్తులో ముప్పావు వంతుకు తగ్గకూడదు. ఒళ్లు పెరిగిన కొద్దీ అడుగు కూడా సాగుతుంది. నేల మీద సుద్దతో ఒక గీత గీసుకుని, పాదం ఆ గీత మీద పడుతున్నదా లేదా చూసుకోండి. గీతకు కుడి పక్కన పడితే నడుము తిరగడానికి దారి మూసుకుపోతుంది, ఒంటికి అడ్డంగా విసరాల్సి వస్తుంది. ఎడమ పక్కన మరీ దూరంగా పడితే ఛాతీ ముందే తెరుచుకుని చెయ్యి వెనకబడిపోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ముందు పాదం నేలకు తగిలిన ఆ క్షణంలో మీ చెయ్యి ఎక్కడుంది? పాఠమంతటిలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఆ క్షణానికి విసిరే చెయ్యి పైకి లేచి ఉండాలి. మోచెయ్యి భుజానికి సమానమైన ఎత్తులో, దాదాపు లంబకోణంలో వంగి, బంతి తలకు కొంచెం వెనక ఉండాలి. పాదం పడిన తర్వాత కూడా చెయ్యి ఇంకా తొడ దగ్గరే వేలాడుతుంటే, ఒళ్లు ముందుకు వెళ్లిపోతుంది, చెయ్యి దాన్ని తరుముకుంటూ రావాల్సి వస్తుంది. బస్సు కదిలాక వెనక నుంచి పరుగెత్తి నిచ్చెన పట్టుకున్నవాడి భుజం ఎట్లా లాగుతుందో అట్లా లాగుతుంది. మెస్‌లో ఎడమ చేత్తో అన్నం తిన్న పిల్లవాడి తప్పు సరిగ్గా ఇదే. మోచెయ్యి భుజం కన్నా జానెడు కింద ఉండేది. బొగ్గులోంచి రాయి ఏరి పారేసినట్టు పక్క నుంచి విసిరేవాడు. గోదావరి ఒడ్డున నీళ్ల మీద పెంకు ఎగిరించడానికి ఆ విసురు బాగుంటుంది. రోజుకు మూడు వందలసార్లు ఆ విసురు విసిరితే మోచేతి లోపలి నరాలు, ఎముక ఓర్చుకోవు.

పాదం గట్టిగా నిలిచాక ముందు తుంటి తిరగాలి, దాని వెనక భుజాలు. రెండూ ఒకేసారి తిరిగితే బలం పుట్టదు. తడి బట్ట పిండేటప్పుడు రెండు చివరలను చెరో దిక్కుకు తిప్పుతాం కదా, అట్లా నడుము మెలి పడి విడిపోవాలి. ఎడమ చెయ్యి, అంటే గ్లవ్ చెయ్యి, ఊరికే పక్కకు వేలాడకుండా ఛాతీ దగ్గరికి ముడుచుకోవాలి. అది పక్కకు ఎగిరిపోతే భుజం ముందే తెరుచుకుంటుంది.

భుజాలు తిరుగుతున్నప్పుడు బంతి ఉన్న చెయ్యి వెనక్కి వాలుతుంది, అరచెయ్యి ఆకాశం వైపు తిరిగినట్టు అవుతుంది. దీన్ని మీరు కావాలని చెయ్యాల్సిన పని లేదు, ఒళ్లు ముందుకు పోతుంటే అదే జరుగుతుంది. అక్కడి నుంచి చెయ్యి ముందుకు విసురుగా వస్తుంది. పేరున్న పిచ్చర్ల భుజం ఆ క్షణంలో సెకనుకు సుమారు 7000 డిగ్రీల వేగంతో తిరుగుతుందని కొలిచారు. మనిషి ఒళ్లు చేసే కదలికల్లో అంత వేగమైనవి చాలా తక్కువ. ఆ విసురులో మోచేతి మీద పడే లాగుడును ఓర్చుకోవాల్సింది మోచేతి లోపలి పక్క ఉన్న ఒక చిన్న పట్టీలాంటి బంధనం. దాని సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

బంతి వదిలేది ముఖం ముందర, ముందు పాదానికి ఎదురుగా. ముందు మోకాలు కుంగిపోకుండా గట్టిపడాలి. నీరజ్ చోప్రా జావెలిన్ విసరడం టీవీలో చూసినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. అంత పరుగెత్తి వచ్చి ఎడమ కాలును గుంజ పాతినట్టు పాతుతాడు. పరుగులో ఉన్న బలమంతా అక్కడ ఆగి పైకి, చేతిలోకి పోతుంది. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లు విసిరి బంగారు పతకం తెచ్చాడు. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, ఆయన కుడి మోచేతికి ఆపరేషన్ జరిగింది. చాలా రోజులు జావెలిన్ ముట్టలేదు. నొప్పిని దాచుకుని విసురుతూ పోయి ఉంటే టోక్యో ఎక్కడిది?

బంతి చేతిలోంచి పోయిందంటే పని అయిపోయిందని అనుకోవద్దు. చెయ్యి అట్లాగే కిందికి సాగి ఎడమ తొడ అవతలికి పోవాలి, వీపు వంగాలి, కుడి కాలు ముందుకు రావాలి. పరుగు పందెంలో గీత దాటగానే గోడకు గుద్దుకుని ఆగుతారా? నాలుగు అడుగులు వేసి ఆగుతారు. చెయ్యి కూడా అంతే. బంతి వదలగానే చేతిని బిర్రుగా ఆపే పిల్లలకు భుజం వెనక వైపు నొప్పి వస్తుంది. మన టీములో అట్లాంటివాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకు తెలుసు.

ఉత్తరప్రదేశ్ పిల్లలు ఇద్దరు

2008లో అమెరికా వాళ్లు మన దేశంలో ఒక పోటీ పెట్టారు. బంతిని ఎవరు వేగంగా, గురిగా విసురుతారో చూడాలని. క్రికెట్ పిచ్చి ఉన్న దేశం కాబట్టి క్రికెటర్లు గెలుస్తారనుకున్నారు. చివరకు పైకి వచ్చిన ఇద్దరూ ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన జావెలిన్ విసిరే పిల్లలు, రింకూ సింగ్, దినేశ్ పటేల్. బేస్‌బాల్ ఆట అంతకుముందు చూడను కూడా లేదు. వాళ్లను అమెరికా తీసుకుపోయి టామ్ హౌస్ అనే శిక్షకుడి దగ్గర కొన్ని నెలలు నేర్పించారు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఇద్దరితోనూ ఒప్పందం రాయించుకుంది. అక్కడి చిన్న లీగుల్లో ఆడారు. వాళ్ల మీద 2014లో సినిమా కూడా వచ్చింది.

ఈ కథ చెప్పగానే మీ కళ్లల్లో అమెరికా కనిపిస్తుంది, నాకు తెలుసు. నేను ఎందుకు చెప్తున్నానంటే వేరే కారణం. వాళ్లకు పనికొచ్చింది జావెలిన్‌లో నేర్చుకున్న అడుగు, నడుము, ముందు కాలు. ఆట మారినా ఒళ్లు విసిరే పద్ధతి మారలేదు. మంచె మీద నిలబడి జొన్నచేను కాపలా కాస్తూ వడిసెల తిప్పిన పిల్లలు మనలో కూడా ఉన్నారు. రాయి ఎప్పుడు వదలాలో వాళ్ల వేళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సెలవులకు గూడెం పోయినప్పుడు తాతనో మామనో వడిసెల తిప్పుతుంటే చేతులు చూడకండి, పాదాలు చూడండి.

రింకూ సింగ్ కథలో రెండో సగం కూడా ఉంది. తర్వాతి ఏళ్లలో గాయాల వల్ల ఆటకు దూరంగా ఉండాల్సి వచ్చింది. ఆ తర్వాత బేస్‌బాల్ వదిలి కుస్తీ వినోదంలోకి వెళ్లాడు.

మోచేతి లోపల ఏముంది

పైన చెప్పిన పట్టీ సంగతి. మోచేతి లోపలి పక్క, పై ఎముకనూ కింది ఎముకనూ కలుపుతూ ఒక గట్టి బంధనం ఉంటుంది. విసిరినప్పుడల్లా అది సాగుతుంది. ఎక్కువ కాలం, ఎక్కువసార్లు, అలసిపోయిన చేత్తో విసిరితే పీచులు తెగుతూ పోతాయి. 1974లో టామీ జాన్ అనే అమెరికా పిచ్చరుకు అది తెగిపోయింది. ఆ రోజుల్లో అది తెగితే ఆట ముగిసినట్టే. ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు ఆయన రెండో ముంజేతిలోంచి ఒక స్నాయువు తీసి ఆ చోట కట్టాడు. టామీ జాన్ 1975 అంతా ఆడలేదు, 1976లో తిరిగి వచ్చాడు, 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషన్‌కు ఆయన పేరే పడింది.

అయితే మీకు తెగేది ఆ బంధనం కాదు. మీ వయసులో దానికన్నా బలహీనమైనది ఇంకొకటి ఉంది. ఎముకలు పెరిగేటప్పుడు వాటి చివర్ల దగ్గర గట్టిపడని మెత్తటి పొర ఉంటుంది. మోచేతి లోపలి బుడిపె దగ్గర ఆ పొర మగపిల్లల్లో సుమారు 15, 17 ఏళ్ల మధ్య గట్టిపడుతుంది. అప్పటిదాకా బంధనం లాగినప్పుడల్లా ఆ బుడిపె ఎముక నుంచి కొంచెం కొంచెం ఊడుతుంది. నేను వత్తగానే మన పిల్లవాడు లేచి నిలబడింది అందుకే. పెద్దవాడికి కండ నొప్పి, మీకు ఎముక నొప్పి. రెండూ ఒకటి కాదు. విశ్రాంతి ఇస్తే చాలావరకు నయమవుతుంది. విశ్రాంతి ఇవ్వకుంటే ఏమవుతుందో స్టూలు ఎక్కి బోర్డు మీద రాసే మాస్టారిని చూడండి.

నొప్పుల్లో తేడా ఎట్లా తెలుసుకోవాలి? విసిరిన మర్నాడు రెట్ట కండలో, వీపు పైన బరువుగా ఉంటే భయం లేదు, రెండు రోజుల్లో పోతుంది. వేలు పెట్టి చూపించగలిగినంత చిన్న చోట, ఎముక మీద నొప్పి ఉంటే ఆ రోజే నాకు చెప్పాలి. చెయ్యి పూర్తిగా చాచుకోకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా అంతే. జండూబామ్ రాసుకుని పడుకోవడం వైద్యం కాదు. నేను మిమ్మల్ని టీములోంచి తీసెయ్యను, విసరడం మాత్రం ఆపిస్తాను. పరుగెత్తొచ్చు, ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి ఎడమ చేతి గ్లవ్‌తో బంతులు పట్టొచ్చు. టీములో మీ చోటు మీదే. ఇది రాతపూర్వకంగా ఇస్తున్నాను, గోడ మీద ఉంది, హెడ్ మాస్టరుగారు కూడా చదువుతారు.

ఎన్ని

అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కు లెక్క ఉంది. వాళ్ల లిటిల్ లీగులో 2007 నుంచి పిచ్చరు వేసే బంతులను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ అనుసరించే లెక్క ప్రకారం ఒక రోజులో 11, 12 ఏళ్లవాళ్లు 85 బంతులకు మించి వెయ్యకూడదు. 13 నుంచి 16 ఏళ్లవాళ్లు 95. అది ఒక రోజు పైహద్దు మాత్రమే, రోజూ అన్ని వెయ్యమని కాదు. 14 ఏళ్ల లోపు పిల్లవాడు ఒక రోజు 66 బంతులు గానీ ఎక్కువ గానీ వేస్తే తర్వాత నాలుగు రోజులు పిచ్చింగు చెయ్యకూడదు. 51 నుంచి 65 వేస్తే మూడు రోజులు, 36 నుంచి 50 వేస్తే రెండు, 21 నుంచి 35 వేస్తే ఒక రోజు విశ్రాంతి. 20 దాకా వేస్తే మర్నాడు వెయ్యొచ్చు.

మన పిల్లవాడి లెక్క రోజుకు మూడు వందలు, ఏడు రోజులు. మీరే కూడుకోండి.

మనకు మంచి తిండి ఉంది, పడుకునే టైము ఉంది, కానీ ఆపరేషన్లు చేయించే డబ్బు మన ఇళ్లలో లేదు. కాబట్టి నేను ఆ లెక్కను ఇంకొంచెం తగ్గించాను. మన గ్రౌండులో పిచ్చింగు ప్రాక్టీసు వారానికి మూడు రోజులే. రోజుకు నలభై బంతులు. పిచ్చరు పక్కన ఒకడు నిలబడి పలక మీద గీతలు గీస్తూ లెక్కపెట్టాలి. నలభై అయ్యాక గురి కుదిరింది సార్, ఇంకో అయిదు అంటే వినను. గురి కుదిరిన రోజున ఆపడం కష్టమే, నాకు తెలుసు. అదే రోజు సాయంత్రం క్రికెట్ ఆడుతూ బౌండరీ నుంచి విసిరే బంతులు కూడా చేతికి తెలుస్తాయి, పలక మీద గీతలు లేవు కదా అని మోచెయ్యి మరిచిపోదు. పిచ్చింగు చేసిన రోజు క్యాచర్‌గా కూడా నిలబడవద్దు. క్యాచరు కూడా ప్రతి బంతినీ తిరిగి విసురుతాడు.

చెయ్యాల్సినవి

విసిరి ఒళ్లు వేడి చేసుకుంటారు మీరు. ఒళ్లు వేడి చేసుకుని విసరాలి. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు, చేతులు తిప్పడం, నడుము తిప్పడం, ఆ తర్వాతే బంతి. మొదట పది మీటర్ల దూరం నుంచి మెల్లగా, తర్వాత పదిహేను, ఇరవై. చలికాలం పొద్దున్నే అయితే ఇంకో రౌండు ఎక్కువ.

మోకాలి మీద కూర్చుని విసరడం ఒకటి. కుడి మోకాలు నేలకు, ఎడమ పాదం ముందుకు. కాళ్లు కదలవు కాబట్టి మోచెయ్యి ఎత్తు, నడుము తిప్పడం మాత్రమే చూసుకోవచ్చు. వేగం వద్దు. జోడీగా చెయ్యండి, ఎదుటివాడు మీ మోచెయ్యి చూసి చెప్పాలి. తన మోచెయ్యి తనకు కనిపించదు. నాకూ కనిపించలేదు.

తుండుతో విసరడం ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. బంతి అక్కర్లేదు, వానాకాలం వరండాలో కూడా చెయ్యొచ్చు. తుండు ఒక చివర రెండు వేళ్ల మధ్య పట్టుకుని విసిరినట్టే మొత్తం విసురు విసరాలి. మీ ముందు పాదానికి ఇంకో అడుగు అవతల జోడీ గ్లవ్ పట్టుకుని కూర్చుంటాడు. తుండు కొస గ్లవ్‌కు తగలాలి. అడుగు పొట్టిగా పడినా, నడుము వంగకపోయినా తగలదు. మోసం చెయ్యడానికి వీలు లేదు. తడి తుండు వద్దు, బరువవుతుంది, పైగా గ్లవ్ పాడవుతుంది.

మూడోది సైకిల్ ట్యూబు. పాత ట్యూబును పొడుగ్గా కోసి కిటికీ ఊచకు నడుము ఎత్తులో కట్టండి. పక్కకు తిరిగి నిలబడి, మోచెయ్యిని పక్కటెముకలకు ఆనించి లంబకోణంలో వంచి, ట్యూబు చివర పట్టుకోండి. మోచెయ్యి ఒంటిని వదలకుండా ముంజేతిని పొట్ట మీద నుంచి బయటికి తిప్పాలి, మెల్లగా తిరిగి రావాలి. పదిహేనుసార్లు, రెండు విడతలు, రెండు చేతులకూ. మోచెయ్యికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన తుండు పెట్టుకుంటే అది కింద పడిందా లేదా అని తెలిసిపోతుంది. విసిరిన చేతిని పట్టి ఆపే కండలు భుజం వెనక ఉంటాయి, చాలా చిన్నవి. అద్దంలో కనిపించవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అందరూ ముందు కండ చూసుకుని మురిసిపోతారు.

వంపు తిరిగే బంతులు నేర్పమని పదో తరగతి వాళ్లు అడుగుతున్నారు. ముందు తిన్నటి బంతి పదిలో ఏడు గురికి తగలనియ్యండి. ఆ తర్వాత అదే విసురుతో మెల్లగా పోయే బంతి నేర్పుతాను. వంపుల సంగతి వచ్చే ఏడాది, అంటే పదో తరగతి వాళ్లకు కాదు. తిట్టుకుంటే తిట్టుకోండి.

మన పిల్లవాడు ఇప్పుడు కుడి చేత్తోనే తింటున్నాడు. ఆరు వారాలు బంతి ముట్టొద్దని డాక్టరు చెప్పాడు, నాలుగు అయినయి. ఈ సెలక్షన్లకు పిచ్చరుగా వాడు లేడు. వాడిని లెక్క రాసేవాడిగా పెట్టాను. పలక, సుద్దముక్క వాడి దగ్గరే ఉంటాయి. నలభై దాటి ఒక్క బంతి వేసినా నాకన్నా ముందు వాడే అరుస్తున్నాడు.

సైకిల్ ట్యూబులు ఎనిమిది కావాలి. మూడు దొరికినయి. ఆదివారం తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఎవరింట్లోనైనా పాతవి ఉంటే తెమ్మనండి, పంక్చర్లు ఉన్నా పరవాలేదు.

– మీ వ్యాయామ మాస్టారు